పొగను బట్టి నిప్పు: సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానం బలమెక్కడ, పరిమితి ఎక్కడ

కూర్చున్నచోటు నుంచి లేవకుండా ఒక్క పని చేయండి. మీ ఇంట్లో మొత్తం కిటికీలు ఎన్నో చెప్పండి.

చాలామందికి జవాబు వెంటనే రాదు. కళ్లు కాసేపు ఎటో చూస్తాయి. మనసులోనే ముందు గదిలోకి వెళ్లి, గోడలన్నీ ఒకసారి చూసుకుని, పక్క గదిలోకి దాటి, అలా ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ వస్తారు. నేనైతే ప్రతిసారీ బాత్రూమ్ వెంటిలేటర్ దగ్గర ఆగిపోతాను. దాన్ని కిటికీల్లో కలపాలా వద్దా అన్నది ఇంతవరకూ తేలలేదు. ఏదైతేనేం, పది పన్నెండు సెకన్లకు ఒక అంకె బయటికొస్తుంది.

ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనిపించినవి రెండే: ఒక ప్రశ్న, ఒక అంకె. మధ్యలో పది సెకన్ల మౌనం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో, ముఖ్యంగా అమెరికాలో, మనోవిజ్ఞానాన్ని ఏలిన ప్రవర్తనావాదం ఆ పది సెకన్ల జోలికి పోవద్దంది. 1913లో జాన్ వాట్సన్ గట్టిగా చెప్పింది ఇదే. ఉద్దీపన కనిపిస్తుంది, ప్రతిస్పందన కనిపిస్తుంది, శాస్త్రానికి ఆ రెండూ చాలు. మనసులో ఏం జరిగిందన్నది ఎవరూ సరిచూడలేరు. ఇప్పుడు వింటే మొండివాదంలా ఉంటుంది కానీ, ఆయన చిరాకుకు కారణం ఉంది. 1879లో లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టిన తర్వాత పెరిగిన అంతఃపరిశీలన పద్ధతిలో, శిక్షణ పొందినవాళ్లు తమ మనసులో ఏం జరుగుతోందో తామే గమనించి చెప్పేవాళ్లు. ఒక ల్యాబ్‌లో ఒకలా, ఇంకో ల్యాబ్‌లో ఇంకోలా చెబితే ఎవరిది తప్పో తేల్చే దారే లేదు.

సంజ్ఞానాత్మక (కాగ్నిటివ్) దృక్పథం ఈ రెండింటి మధ్య నుంచి పుట్టింది. మనసులో జరిగేదే ముఖ్యం అంటుంది, అయితే ఊరికే మనిషి నోటిమాట మీద దాన్ని నమ్మదు. జవాబుకు ఎంతసేపు పట్టింది, ఎక్కడ తప్పు దొర్లింది, ఏది గుర్తుంది, ఏది జారిపోయింది అని బయట కొలిచి, దాన్ని బట్టి లోపల ఏం జరిగి ఉండాలో రాబడుతుంది. తర్కశాస్త్రం చదివినవాళ్లకు ఇది బాగా తెలిసిన దారే. కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. అనుమాన ప్రమాణం అంటారు దీన్ని.

పరీక్షల కోసం చదివే పుస్తకాల్లో ఈ దృక్పథం బలాలు ఎడమ పక్క, పరిమితులు కుడి పక్క, మధ్యలో గీత గీసి ఇస్తారు. మార్కులకు అది సరిపోతుంది. కానీ నా ఉద్దేశంలో ఆ గీతే అసలు విషయాన్ని దాచేస్తుంది. గీతకు రెండు పక్కలా ఉన్నది ఒక్కటే పని: పొగను చూసి నిప్పును లెక్కగట్టడం. అది కుదిరినచోట బలం అంటున్నాం, కుదరనిచోట పరిమితి అంటున్నాం.

పొగను కొలిచే నేర్పు

చరిత్రను రెండు ముక్కల్లో ముగిద్దాం. 1948లో ఎడ్వర్డ్ టోల్మన్ ఎలుకలు కూడా తిరిగిన దారుల మ్యాపు లాంటిదేదో తలలో పెట్టుకుంటాయన్నాడు. 1956లో జార్జ్ మిల్లర్, మనిషి ఒకసారికి మనసులో పట్టి ఉంచుకోగలిగేవి ఏడు, రెండు అటూ ఇటూ, అని రాశాడు. (ఆ ఏడు కూడా ఎక్కువేనని, నిజానికి నాలుగు దగ్గరే ఆగుతుందని 2001లో నెల్సన్ కోవన్ వాదించాడు.) 1959లో నోమ్ చామ్‌స్కీ, భాషను ఉద్దీపన-ప్రతిస్పందనలతో వివరించబోయిన ప్రవర్తనావాది స్కిన్నర్‌ను చీల్చి చెండాడాడు. 1967లో ఉల్రిక్ నైసర్ ఒక పాఠ్యపుస్తకం రాసి ఈ రంగానికి పేరు స్థిరపరిచాడు. అదే నైసర్ తర్వాత ఏం చేశాడో కాసేపట్లో చూద్దాం.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో చూడాలంటే 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ చేసిన ప్రయోగం చూడాలి. చిన్న చిన్న ఘనాలను అతికించి చేసినట్టుండే వంకరటింకర ఆకారాల బొమ్మలు రెండు పక్కపక్కన చూపిస్తారు. రెండూ ఒకే ఆకారమా, లేక ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబమా చెప్పాలి. చెప్పడమంటే మీట లాగడమే. తేలిందేమిటంటే, ఒకే ఆకారమైనప్పుడు ఒక బొమ్మ రెండోదానికన్నా ఎంత కోణం తిరిగి ఉంటే జవాబుకు అంత ఎక్కువ సమయం పట్టింది. తేడా ఏమీ లేకపోతే సుమారు ఒక సెకను. 180 డిగ్రీలు తిరిగి ఉంటే నాలుగు సెకన్ల పైమాటే. గ్రాఫు గీస్తే దాదాపు స్కేలు పెట్టి గీసినంత తిన్నని గీత. లెక్కవేస్తే సెకనుకు సుమారు 60 డిగ్రీల వేగం వచ్చింది. మనసులో ఆ బొమ్మను చేత్తో పట్టుకుని తిప్పుతున్నారా అన్నట్టు.

మనోవిజ్ఞానంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే గ్రాఫు ఇది. తలలోకి తొంగి చూడకుండా, ఒక గడియారంతో, లోపల జరిగేదాని వేగం కొలిచారు.

ఇంకో బలం ఉంది, దాని గురించి తక్కువ చెబుతారు. ఈ దృక్పథం కట్టిన నమూనాలు తప్పని తేలగలవు, తేలాయి కూడా. 1968లో రిచర్డ్ అట్కిన్‌సన్, రిచర్డ్ షిఫ్రిన్ ఇచ్చిన స్మృతి నమూనా చాలామంది చదివే ఉంటారు. వరసగా గదులు: విన్నది, చూసింది ఇంద్రియాల దగ్గర క్షణం ఆగి స్వల్పకాలిక స్మృతిలోకి వస్తుంది, అక్కడ వల్లెవేస్తే దీర్ఘకాలిక స్మృతిలోకి దాటుతుంది. దీనికి గొప్ప ఆధారంగా నిలిచింది హెన్రీ మోలైసన్ ఉదంతం. బతికున్నన్నాళ్లూ పరిశోధనా పత్రాల్లో ఆయన హెచ్.ఎం. మాత్రమే. 1953లో మూర్ఛలు తగ్గించడానికి చేసిన ఆపరేషన్‌లో మెదడుకు రెండు పక్కలా, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్త సంఘటనలేవీ ఆయనకు గుర్తుండలేదు. కానీ నాలుగు అంకెలు చెబితే, దృష్టి మళ్లనంతసేపు పట్టి ఉంచుకోగలిగేవాడు. అంటే రెండు గదులున్నాయి, రెండోది పాడైనా మొదటిది పని చేస్తోంది.

బాగానే ఉంది. అయితే 1970లో టిమ్ షాలిస్, ఎలిజబెత్ వారింగ్టన్ కె.ఎఫ్. అనే రోగి గురించి రాశారు. మోటార్ సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మనిషి. చెవితో విన్న అంకెలను రెండుకు మించి పట్టి ఉంచుకోవడమే గగనం. అయినా కొత్త విషయాలు మామూలుగానే నేర్చుకుంటున్నాడు. మొదటి గదిలోంచి తప్ప రెండో గదిలోకి దారి లేకపోతే, ముందు గది కూలిపోయినవాడు లోపలికి ఎలా వెళ్తున్నాడు? నమూనా దగ్గర జవాబు లేదు. కంటితో చూసిన అంకెల విషయంలో కె.ఎఫ్. కాస్త మెరుగ్గా ఉండటం ఇంకో చిక్కు. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ ఆ ఒక్క గదిని పక్కనపెట్టి, శబ్దానికి వేరుగా, దృశ్యానికి వేరుగా ఏర్పాట్లున్న వర్కింగ్ మెమరీని ప్రతిపాదించారు. ఒక్క రోగి కూడా ఒక పేరున్న సిద్ధాంతాన్ని కదిలించగలిగాడు. ప్రతి అభ్యంతరాన్నీ ముందే మింగేసుకునే సిద్ధాంతాలు మనోవిజ్ఞానంలో చాలానే ఉన్నాయి కాబట్టి, ఇది చిన్న విషయం కాదు.

ప్రయోగాలను మళ్లీ చేసి చూసినప్పుడు కూడా ఈ క్రమశిక్షణ కొంత అక్కరకొచ్చింది. 2015లో ఒక పెద్ద బృందం మనోవిజ్ఞానంలో అచ్చయిన 100 అధ్యయనాలను తిరిగి చేసింది. సామాజిక మనోవిజ్ఞానంలో నాలుగో వంతు మాత్రమే నిలబడితే, సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానంలో సగం నిలబడ్డాయి. సగం అంటే పండగ చేసుకోవలసిన మార్కులేమీ కావు. పక్కవాళ్లకన్నా నయం, అంతే.

అద్దాలు పగిలాయా?

ఒక ప్రయోగాన్ని మరీ దగ్గరగా చూద్దాం. ఈ దృక్పథాన్ని పొగిడేవాళ్లూ, తెగిడేవాళ్లూ ఇద్దరూ దీన్నే చూపిస్తారు.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 150 మంది విద్యార్థులకు ఒక చిన్న సినిమా చూపించారు. నిమిషంలోపు నిడివి, అందులో కార్లు గుద్దుకునే భాగం నాలుగు సెకన్లు. తర్వాత ప్రశ్నలు. 50 మందిని, కార్లు నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత వేగంతో వెళ్తున్నాయి అని అడిగారు. మరో 50 మందికి అదే ప్రశ్న, కాకపోతే ఢీకొన్నప్పుడు అన్న మామూలు మాటతో. మిగతా 50 మందిని వేగం సంగతే అడగలేదు. వారం పోయాక అందరినీ మళ్లీ పిలిచి, సినిమా చూపించకుండా, పగిలిన అద్దం ముక్కలు చూశారా అన్నారు. సినిమాలో అద్దం పగలనే లేదు. మామూలు మాట విన్న 50 మందిలో ఏడుగురు, వేగం ప్రశ్న వినని 50 మందిలో ఆరుగురు చూశామన్నారు. నుజ్జయ్యేలా అన్న మాట విన్నవాళ్లలో 16 మంది చూశామన్నారు.

ఒక క్రియాపదం వారం తర్వాత అద్దం పగలగొట్టింది. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చెప్పిన సంగతికి ఇది గట్టి రుజువైంది: గుర్తుచేసుకోవడమంటే దాచినదాన్ని తీయడం కాదు, ఉన్న ముక్కలతో మళ్లీ కట్టుకోవడం. పోలీసు విచారణల మీద దీని ప్రభావం పడింది. 1980లలో రోనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గీసెల్‌మన్ సాక్షులను ప్రశ్నించే కొత్త పద్ధతి రూపొందించారు. ప్రశ్నల వర్షం కురిపించకుండా, ఆ చోటును, ఆ సమయాన్ని మనసులో మళ్లీ తెచ్చుకోమంటారు. చిన్నదైనా సరే తోచిందంతా చెప్పమంటారు. ఒక్కోసారి చివరి నుంచి మొదటికి చెప్పమంటారు. ల్యాబ్‌లో తేలిన సంగతి ఇంత సూటిగా బయట పనికొచ్చిన సందర్భాలు మనోవిజ్ఞానంలో ఎక్కువ లేవు.

ఇప్పుడు రెండో పక్క. ఆ విద్యార్థులు చూసింది సినిమా. అందులో ఎవరికీ ఏమీ కాదని వాళ్లకు తెలుసు. గుండె దడదడలాడలేదు, టెన్షన్ లేదు, తప్పు చెబితే ఎవరూ జైలుకు పోరు. నిజమైన సాక్షి సంగతేమిటి? 1986లో జాన్ యూలీ, జుడిత్ కట్‌షాల్ కెనడాలోని వాంకూవర్ దగ్గర జరిగిన ఒక నిజమైన కాల్పుల ఘటన సాక్షులను నాలుగైదు నెలల తర్వాత కలిశారు. 13 మంది ఒప్పుకున్నారు. పోలీసులకు అప్పట్లో ఇచ్చిన వాంగ్మూలాలతో పోలిస్తే వాళ్ల జ్ఞాపకాలు పెద్దగా చెదరలేదు. కావాలని పక్కదారి పట్టించే ప్రశ్నలు వేసినా చాలామంది లొంగలేదు.

దీంతో లాఫ్టస్ ప్రయోగం కొట్టుకుపోయిందని తీర్పు చెప్పేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. 13 మంది చాలా తక్కువ. బాగా భయపడ్డవాళ్లే ఘటనకు బాగా దగ్గరగా కూడా ఉన్నారు కాబట్టి, భయం వల్ల గుర్తుందో దగ్గర నుంచి చూడటం వల్ల గుర్తుందో విడదీయలేం. ఆ కాల్పులను మళ్లీ జరిపించి సరిచూడలేం. విడదీయాలంటే మళ్లీ ల్యాబ్‌కే రావాలి. ల్యాబ్‌కు వస్తే భయం బయటే ఉండిపోతుంది. ఈ చక్రం నుంచి ఎవరూ పూర్తిగా బయటపడలేదు.

నైసర్‌కు ఇదే మింగుడుపడలేదు. ఈ రంగానికి పేరు తెచ్చిన మనిషే 1976లో మరో పుస్తకం రాసి, ల్యాబ్‌లో తెర మీద క్షణంపాటు మెరిసే అక్షరాలకూ మనుషులు బతికే లోకానికీ సంబంధం తెగిపోతోందన్నాడు. రెండేళ్ల తర్వాత స్మృతి గురించి మాట్లాడుతూ ఇంకా ఘాటుగా అన్నాడు: స్మృతిలో ఏదైనా అంశం ఆసక్తికరంగా ఉందంటే, మనోవిజ్ఞానులు దాన్ని దాదాపు ఎప్పుడూ అధ్యయనం చేసి ఉండరట. కొంత అతిశయోక్తే. కానీ ఇంటి పెద్దే ఇంటి లోపం చెబితే వినక తప్పదు.

ఒకటే పొగ, రెండు నిప్పులు

ల్యాబ్ కృత్రిమంగా ఉండటం పైకి కనిపించే సమస్య. దానికన్నా లోతైనది ఇంకొకటుంది. దానికోసం మళ్లీ కిటికీల దగ్గరికి పోవాలి.

మీరు లెక్కపెట్టినప్పుడు మనసులో ఇంటి బొమ్మ కనిపించినట్టే ఉంది కదా. స్టీఫెన్ కాస్లిన్ అవునన్నాడు: మనసులో బొమ్మ లాంటిదే ఉంటుంది, దాని మీద చూపు నడుస్తుంది. ఊహించుకున్న మ్యాపులో రెండు చోట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ ఒకచోటు నుంచి రెండోచోటికి మనసు పోవడానికి పట్టే సమయం పెరుగుతుందని ప్రయోగం చేసి చూపించాడు. జెనాన్ పిలిషిన్ కాదన్నాడు. బొమ్మ ఉన్నట్టు తోచడం పైపై అనుభవం, అడుగున ఉన్నది వాక్యాల్లాంటి సమాచారమే: ముందు గది ఉంది, దానికి తూర్పు గోడ ఉంది, ఆ గోడకు రెండు కిటికీలున్నాయి, ఇలా. మరి సమయం ఎందుకు పెరుగుతుంది? మ్యాపు మీద చూపు నడిపించమంటే నిజంగా నడిస్తే ఎంత పడుతుందో మనుషులకు తెలుసు కాబట్టి, తెలియకుండానే దాన్ని అనుకరిస్తారన్నాడు.

1978లో జాన్ ఆండర్సన్ ఈ గొడవ మధ్యలోకి వచ్చి ఇద్దరికీ నచ్చని మాట చెప్పాడు. బొమ్మ సిద్ధాంతం ఏ ప్రవర్తనను ఊహించగలదో, దాని మీద పనిచేసే ప్రక్రియలను తగినట్టు మార్చుకుంటే వాక్యాల సిద్ధాంతం కూడా అదే ఊహించగలదు. కాబట్టి సమయాలు, తప్పులు ఎన్ని కొలిచినా ఈ రెండింటిలో ఏది నిజమో తేలదు. నిప్పు లేనిదే పొగ రాదన్నది నిజమే. కట్టెలు కాలాయా పిడకలు కాలాయా అన్నది మాత్రం పొగ పొడుగు కొలిస్తే తెలియదు. తర్వాత మెదడు స్కానింగులు వచ్చాయి. ఊహించుకునేటప్పుడు మెదడులో చూపుకు సంబంధించిన ప్రాంతాలు చురుకవుతాయని కనబడింది. పిలిషిన్ అప్పుడూ ఒప్పుకోలేదు: అక్కడ వెలుగు కనిపించినంత మాత్రాన అక్కడ బొమ్మ ఉందని ఎలా అంటారన్నాడు. స్కాన్ కూడా ఇంకో రకం పొగే కదా.

యంత్రం, మనసు, దిగులు

మనసును కంప్యూటర్‌తో పోల్చడం ఈ దృక్పథానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. సమాచారం లోపలికి వస్తుంది, మార్పు చెందుతుంది, నిల్వ అవుతుంది, బయటికొస్తుంది. అస్పష్టంగా ఉన్న మనసు అన్న మాటకు ఇది ఒక ఆకారం ఇచ్చింది. కానీ ఈ పోలికను మొదట దెబ్బకొట్టింది ఈ రంగం కనుక్కున్న విషయాలే. కంప్యూటర్లో ఫైలు వందసార్లు తెరిచినా అదే ఫైలు. లాఫ్టస్ విద్యార్థుల ఫైలు ఒక ప్రశ్న అడిగితే మారిపోయింది.

భావోద్వేగాల సంగతి మరీ ఆలస్యంగా పట్టించుకున్నారు. 1980లో రాబర్ట్ జాయాంక్, ఇష్టాయిష్టాలు ఆలోచన కన్నా ముందే కలగగలవని వాదించాడు. నరాల వైద్యుడు ఆంటోనియో డమాసియో రోగుల్లో మెదడు ముందు భాగం దెబ్బతిన్న ఒకాయన తెలివి పరీక్షల్లో బాగానే నెగ్గేవాడు, కానీ భావాలు మొద్దుబారిపోయాయి. ఆ మనిషి ఏ చిన్న నిర్ణయమూ సరిగ్గా తీసుకోలేక ఉద్యోగం, కుటుంబం పోగొట్టుకున్నాడు. భావోద్వేగం ఆలోచనకు అడ్డమనుకుంటే, అది తొలగిపోయినవాడు మరింత బాగా ఆలోచించాలి కదా.

ఇక వైద్యం. 1960లలో ఆరన్ బెక్ డిప్రెషన్‌తో వచ్చినవాళ్లలో ఒకటి గమనించాడు. తమ గురించి, లోకం గురించి, రేపటి గురించి చేదు ఆలోచనలు వాళ్ల ప్రమేయం లేకుండానే వచ్చిపోతున్నాయి. వాటిని పట్టుకుని, ఆధారం ఏమిటని నిలదీయడం నేర్పితే కోలుకున్నారు. ఈ రోజు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని పిలిచే చికిత్సకు అది పునాది. డిప్రెషన్‌కు, ఆందోళనకు అది పని చేస్తుందని ఎన్నో అధ్యయనాలు చూపించాయి, ఇందులో అనుమానం లేదు.

ఎందుకు పని చేస్తుందన్నది మాత్రం వేరే ప్రశ్న. 1996లో నీల్ జేకబ్‌సన్ బృందం చికిత్సను ముక్కలుగా విడదీసింది. కొందరికి పూర్తి చికిత్స ఇచ్చారు. కొందరికి ఆలోచనల ఊసే ఎత్తకుండా, మానేసిన పనులను మెల్లగా మళ్లీ మొదలుపెట్టించారు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఆలోచన మారడం వల్ల దిగులు తగ్గుతుందన్న లెక్కకు ఇది ఇబ్బందికరమైన ఫలితం. దిగులు తగ్గడం వల్లే ఆలోచన మారి ఉండొచ్చు కూడా. ఇంకో సంగతి: ఉద్యోగం పోయి, అప్పులు నెత్తిమీద ఉండి, ఇంట్లో దెబ్బలు తినే మనిషికి భవిష్యత్తు చీకటిగా కనిపిస్తే అది ఆలోచనలో వంకరేనా? మంచి చికిత్సకులకు ఈ తేడా తెలుసు. కానీ తలలో జరిగేదాన్నే చూడటం అలవాటైన దృక్పథం, తల బయట ఉన్నదాన్ని సులువుగా మర్చిపోతుంది.

ఎవరి తల అన్న ప్రశ్న కూడా ఉంది. ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో అత్యధికులు పాశ్చాత్య దేశాల వాళ్లేనని, అందులోనూ కాలేజీ విద్యార్థులేనని 2010లో జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు గట్టిగా ఎత్తిచూపారు. కానీ ఈ చిక్కు అంతకు చాలా ముందే ఒకచోట బయటపడింది. 1930ల మొదట్లో సోవియట్ మనోవిజ్ఞాని అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్‌లో బడికి పోని రైతులను కలిసి తర్క ప్రశ్నలు అడిగాడు. మంచు ఉండే దూరపు ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. నొవాయా జెమ్ల్యా అక్కడే ఉంది. అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు?

ఒక రైతు తేల్చి చెప్పనన్నాడు. తాను నల్ల ఎలుగుబంటిని చూశాడు, వేరేవాటిని చూడలేదు, చూడనిదాని గురించి తాము మాట్లాడమన్నాడు. బడి చదువు లేనివాళ్ల ఆలోచన కంటికి కనిపించేదాన్ని దాటి పోదని లూరియా రాసుకున్నాడు. ఆ రైతు జవాబు మరోసారి చదవండి. చూడనిదాని గురించి చెప్పకూడదు, ఆ ఎలుగుబంట్లను చూడలేదు, కాబట్టి చెప్పను. తర్కం చక్కగానే నడిచింది. పొగ మాత్రమే చూసి నిప్పు రంగు చెప్పడానికి ఒప్పుకోనివాడు రైతు, ఆ మౌనాన్ని చూసి అతని తలలో ఏముందో రాసుకున్నవాడు మనోవిజ్ఞాని.